పాత కారు చక్రానికి వింత నట్లు.. గుర్తించేదెలా? విప్పేదెలా?

పాత కారు కొనేవారు ఇంజిను చప్పుడు వింటారు. రంగు చూస్తారు. తిరిగిన కిలోమీటర్లు అడుగుతారు. టైర్ల అరుగుదలను చేత్తో తడిమి చూస్తారు. ఆ టైరును బండికి పట్టి ఉంచే నట్లను మాత్రం పరిశీలించేవారు అరుదు. ఈ ఏమరుపాటు ఫలితం మొదటిసారి టైరు పంక్చరైన నాడు తెలుస్తుంది. రావులపాలెం, తణుకు మధ్య 16వ నంబరు జాతీయ రహదారిపైనో, కోనసీమలో ఏ కాలువగట్టు దారిలోనో రాత్రివేళ బండి ఆగిపోయినప్పుడు స్టెప్నీ, జాకీ సిద్ధంగా ఉన్నా పానా నట్టుకు పట్టకపోతే అవేవీ అక్కరకు రావు.

విప్పలేకపోవడం ఒక ఇబ్బంది మాత్రమే. సరిపడని నట్టుతో ప్రయాణించడం అంతకంటె ప్రమాదకరం. చక్రాన్ని బండికి నిలిపి ఉంచేది నాలుగైదు నట్ల బిగింపే. ఆ బిగింపు సడలితే చక్రం ఊడిపోయే అవకాశం ఉంది. కాబట్టి చేతులు మారి వచ్చిన కారుకు ఎటువంటి నట్లు ఉన్నాయో, వాటిని ఎలా విప్పాలో, తిరిగి ఎలా బిగించాలో యజమానికి తెలిసి ఉండటం అవసరం.

వింత నట్లు ఎందుకు వస్తాయి?

కర్మాగారం నుంచి వచ్చిన కారుకు అన్ని నట్లూ ఒకే రకంగా ఉంటాయి. వాటికి తగిన పానా డిక్కీలో ఉంటుంది. కారు రెండు మూడు చేతులు మారేసరికి ఈ పొందిక చెదిరిపోతుంది. ఒక యజమాని ఇనుప డిస్కులు తీసి అల్లాయ్ చక్రాలు వేయిస్తాడు. అవి చోరీకి గురికాకుండా చక్రానికొకటి చొప్పున లాక్ నట్టు బిగిస్తాడు. ఇంకొకరి చేతిలో ఒక నట్టు పోతే పంక్చరు షాపులో దొరికిన మరో బండి నట్టును తగిలిస్తారు. చివరకు కారు అమ్మేనాటికి లాక్ నట్టు కీ ఎక్కడ ఉందో ఎవరికీ గుర్తుండదు.

హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వంటి నగరాల నుంచి తెచ్చుకున్న కార్ల విషయంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. కీ కోసం పాత యజమానిని సంప్రదించడం సులభం కాదు. దీనికి తోడు వరద నీటిలో నానిన బండ్ల బెడద ఉంది. 2015 డిసెంబరులో చెన్నైలోనూ, 2022 జులైలో గోదావరి పరీవాహక ప్రాంతంలోనూ, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు ముంపు సమయంలోనూ వాహనాలు నీట మునిగాయి. అటువంటి బండికి పైన రంగు మెరుస్తున్నా నట్ల లోపల మరలు తుప్పు పట్టి ఉండవచ్చు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలి, భీమవరం పరిసరాల్లో రొయ్యల చెరువుల ఉప్పునీరు కూడా ఇదే పని చేస్తాయి.

గుర్తించడానికి నాలుగు అంశాలు

చక్రపు నట్టును గుర్తించడానికి నాలుగు విషయాలు చూడాలి.

1. పానా కొలత: నట్టు ఎదురెదురు పలకల మధ్య దూరమే పానా కొలత. మారుతి సుజుకి చిన్న కార్లకు, హోండా సిటీకి, ఫోర్డ్ ఫిగోకు 19 మి.మీ. పానా పడుతుంది. హ్యుందాయ్ శాంత్రో, టయోటా ఇన్నోవాలకు 21 మి.మీ. కావాలి. ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 17 మి.మీ. సరిపోతుంది. 19 మి.మీ. నట్టుపై 21 మి.మీ. పానా పెట్టి తిప్పితే నట్టు అంచులు ఒక్క ప్రయత్నంలోనే అరిగిపోతాయి.

2. మర కొలత: కార్లలో ఎక్కువగా కనిపించేది 12 మి.మీ. వ్యాసం గల స్టడ్డు. అయితే వ్యాసం ఒకటే అయినా మర మధ్య దూరం, అంటే పిచ్, వేరుగా ఉంటుంది. మారుతి సుజుకి కార్లలో అది 1.25 మి.మీ. హ్యుందాయ్, హోండా, టయోటా కార్లలో 1.5 మి.మీ. పోలో, ఆ కుటుంబానికి చెందిన స్కోడా కార్లలో స్టడ్డు, నట్టు ఉండవు. 14 మి.మీ. వ్యాసం, 1.5 పిచ్ గల బోల్టు నేరుగా హబ్బులోకి బిగుస్తుంది.

పిచ్ తెలుసుకోవడానికి మర గేజి ఉంటే మేలు. లేకపోతే స్కేలు పెట్టి మరలు లెక్కించాలి. 10 మి.మీ. పొడవులో సరిగ్గా 8 చుట్లు ఉంటే 1.25 పిచ్. 15 మి.మీ. పొడవులో 10 చుట్లు ఉంటే 1.5 పిచ్. శాంత్రో నట్టును మారుతి స్టడ్డుకు ఎక్కిస్తే ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. బలవంతంగా తిప్పితే రెండింటి మరలూ చెడిపోతాయి. సరైన నట్టు శుభ్రంగా ఉన్న స్టడ్డుపై వేళ్లతోనే చివరిదాకా తిరగాలి. ఇంతకు మించిన పరీక్ష లేదు.

3. ఆనే ముఖం: నట్టు డిస్కును తాకే భాగం ఆకారం అన్నింటికంటె ముఖ్యం. సాధారణంగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. కొన్ని నట్లకు ముఖం శంఖువులా ఏటవాలుగా ఉంటుంది. దాని కోణం 60 డిగ్రీలు. కొన్నింటికి బంతిలా గుండ్రంగా ఉంటుంది. మరికొన్నింటికి అడుగున బల్లపరుపు వాషరు, దాని కింద చిన్న గొట్టం వంటి భాగం ఉంటాయి. కంపెనీ అల్లాయ్ చక్రాలతో వచ్చే హోండా నట్లు, ఫోక్స్‌వ్యాగన్ బోల్టులు గుండ్రని ముఖం గలవి. టయోటా అల్లాయ్ చక్రాలలో చాలావాటికి వాషరు నట్లు వాడతారు. బయట దుకాణాల్లో అమ్మే అల్లాయ్ చక్రాల రంధ్రాలు అధికంగా శంఖువు ముఖానికి తగినట్టు తయారవుతాయి.

కాబట్టి హోండా కారుకు బయట కొన్న అల్లాయ్ చక్రాలు వేసి పాత నట్లే బిగిస్తే గుండ్రని ముఖం ఏటవాలు రంధ్రంలో సన్నని గీత మేర మాత్రమే ఆనుతుంది. బిగించినప్పుడు గట్టిగానే ఉన్నట్టు తోస్తుంది. కొంత దూరం తిరిగిన తరువాత సడలిపోతుంది. చక్రం తీసి రంధ్రం లోపల చూస్తే నట్టు ఎక్కడ ఆనిందో మెరుపును బట్టి తెలుస్తుంది. మెరుపు వెడల్పైన వలయంలా ఉంటే సరైన నట్టు. సన్నని గీతలా ఉంటే అది తప్పు నట్టు.

4. పట్టు లోతు: నట్టు కనీసం స్టడ్డు వ్యాసమంత లోతున మర పట్టాలన్నది యంత్రశాస్త్రంలో సాధారణ నియమం. 12 మి.మీ. స్టడ్డుకు 1.5 పిచ్ అయితే 8 చుట్లు, 1.25 పిచ్ అయితే 9 నుంచి 10 చుట్లు తిరగాలి. చక్రం బయటకు కనబడాలని స్పేసర్లు వేసిన కార్లలో ఈ లోతు తగ్గిపోతుంది. మూడు నాలుగు చుట్లకే నట్టు బిగుసుకుంటే ఆ చక్రంతో బండి నడపరాదు.

సాధారణంగా ఎదురయ్యే రకాలు

ప్లాస్టిక్ టోపీలు: కొన్ని కార్లలో బోల్టు తలపై ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. దాన్నే నట్టు అనుకొని పానా వేస్తే చితికిపోతుంది. టూల్ సంచిలో ఉండే తీగ కొక్కెంతో టోపీని లాగి తీయాలి. కొన్ని వీల్ కప్పులపై నట్ల ఆకారం కేవలం అలంకారం. అసలు నట్లు కప్పు వెనుక ఉంటాయి.

లాక్ నట్లు: బయటి ఆకారం మిగిలిన నట్లలాగే ఉన్నా తలపై పువ్వులాగానో, వంకర గాడిలాగానో ఒక నమూనా చెక్కి ఉంటుంది. దానికి సరిగ్గా అమరే కీ ద్వారానే తిరుగుతుంది. కీకి వెనుకవైపు మామూలు పలకలు ఉంటాయి. పానా అక్కడ పడుతుంది. చక్రానికి ఒకటే ఉండటం దీని ఆనవాలు.

గాడి నట్లు: అల్లాయ్ చక్రాల రంధ్రాలు ఇరుకుగా ఉన్నప్పుడు సన్నని నట్లు వాడతారు. వీటికి ఆరు పలకలు ఉండవు. చుట్టూ నిలువు గాళ్లు ఉంటాయి. పళ్ల చక్రంలా కనిపిస్తాయి. లోపల గాళ్లున్న సన్నని కీని తొడిగి, దానిపై 19 లేదా 21 మి.మీ. పానాతో తిప్పాలి. ఈ రకంలో చక్రానికి ఉన్న నట్లన్నీ ఇలాగే ఉంటాయి. కీ పోతే నాలుగు చక్రాలూ కదలవు.

తిరిగే తొడుగు నట్లు: నట్టు చుట్టూ వదులుగా ఒక ఉక్కు తొడుగు ఉంటుంది. పానాతో పట్టుకుంటే తొడుగు మాత్రమే గిరగిర తిరుగుతుంది. నట్టు కదలదు. మర పాడైందని పొరబడేవారు ఉన్నారు. ఇది కూడా తాళం పద్ధతే.

ఉబ్బిన నట్లు: ఉక్కు నట్టుపై మెరిసే పలుచని రేకు టోపీ తొడిగిన రెండు ముక్కల నట్లు ఇవి. ఫోర్డ్ కార్లలో ఇవి ఎక్కువ. రేకుకూ ఉక్కుకూ మధ్య నీరు చేరి తుప్పు పడితే రేకు ఉబ్బుతుంది. నిన్నటివరకు పట్టిన 19 మి.మీ. పానా పట్టదు. 20 వేస్తే వదులు. భారతదేశంలో కార్ల తయారీని నిలిపివేస్తున్నట్టు ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ కార్లు పాతవాటి సంతలో చేతులు మారుతూనే ఉన్నాయి కనుక ఈ రకాన్ని గుర్తుంచుకోవాలి.

ఎడమ మర నట్లు: విల్లీస్ నమూనాపై తయారైన పాత జీపుల్లో ఎడమవైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది. అంటే విప్పాలంటే కుడివైపునకు, గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. చక్రం తిరిగే దిశ వల్ల నట్టు వదులు కాకుండా ఉండాలని ఆ రోజుల్లో ఈ ఏర్పాటు చేశారు. చాలావాటికి నట్టుపైనో, స్టడ్డు చివరనో ఆంగ్లంలో ‘ఎల్’ అక్షరం చెక్కి ఉంటుంది. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు పాత జీపులు కొనేవారు ముందుగా ఈ అక్షరం వెతకాలి. తెలియక ఎడమవైపునకు తిప్పితే నట్టు మరింత బిగిసి స్టడ్డు విరుగుతుంది.

కీ కోసం ఎక్కడ వెతకాలి?

లాక్ నట్టు ఉందంటే కీ కూడా బండిలోనే ఎక్కడో ఉండే అవకాశం అధికం. డ్యాష్‌బోర్డు అర, స్టెప్నీ గుంట అడుగు, జాకీ సంచి, డిక్కీ పక్క అరలు, డ్రైవరు సీటు కింద, ప్రథమ చికిత్స పెట్టె, తలుపుల అరలు వరుసగా వెతకాలి. కీ చిన్నది. ఒక్కొక్కప్పుడు వీల్ పానా గొట్టంలోనే ఇరుక్కుని ఉంటుంది.

దొరకకపోతే చివరిసారి టైర్లు మార్చిన దుకాణాన్ని, సర్వీసు చేసిన వర్క్‌షాపును అడగాలి. పని ముగిశాక కీ వారి సాకెట్టులోనే ఉండిపోవడం తరచు జరిగేదే. లాక్ నట్ల డబ్బాతో పాటు ఒక కోడ్ నంబరు గల చీటీ ఇస్తారు. కీ అంచుపై కూడా ఆ నంబరు చెక్కి ఉంటుంది. అది యజమాని పుస్తకంలో దాచి ఉంటే తయారీదారు నుంచి మారు కీ తెప్పించుకోవచ్చు. కోడ్ లేకపోతే నట్టు తలను శుభ్రంగా తుడిచి, సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి వేసి దగ్గరగా ఫొటో తీయాలి. ఆ కంపెనీ డీలరు వద్ద నమూనా కీల పెట్టె ఉంటే సరిపోయేదాన్ని పోల్చి చూడవచ్చు.

విప్పే ముందు జాగ్రత్తలు

బండిని గట్టి, సమతల నేలపై నిలపాలి. హ్యాండ్ బ్రేకు వేసి మొదటి గేరులో ఉంచాలి. విప్పే చక్రానికి ఎదురు మూలన ఉన్న చక్రానికి ముందూ వెనుకా ఇటుకలో, దుంగ ముక్కలో పెట్టాలి. డెల్టాలో కాలువగట్ల మట్టి వాన పడితే మెత్తబడుతుంది. ఆ నేలపై జాకీ దిగబడి బండి ఒరిగిపోతుంది. జాకీ కింద అడుగు వెడల్పు గల దళసరి చెక్క వేయడం తప్పనిసరి. అందుకే డిక్కీలో ఒక చెక్క ముక్క ఉంచుకోవాలి.

నట్లను బండి నేలపై ఉండగానే పావు చుట్టు, అర చుట్టు వదులు చేసి, ఆ తరువాతే జాకీ ఎత్తాలి. ఎత్తిన బండిపై పానాను లాగితే జాకీ జారుతుంది. జాకీపై మాత్రమే ఆధారపడిన బండి కిందకు దూరరాదు. లాక్ నట్టు ఉంటే దాన్ని మొదట విప్పాలి. మిగిలిన నట్లు బరువు మోస్తుండగా దానిపై ఒత్తిడి తక్కువగా ఉంటుంది. బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. లాక్ నట్టు కీపై గాలి గన్ను వాడితే కీ పగిలిపోతుంది. చేతి పానాయే వాడాలి.

గోదావరి వంతెనలపై టైరు దిగిపోతే చక్రం విప్పే పని పెట్టుకోకుండా హెచ్చరిక లైట్లు వేసి, నెమ్మదిగా వంతెన దాటడమే క్షేమం. టైరు పాడైనా ప్రాణం ముఖ్యం. జాతీయ రహదారిపై సాయానికి 1033 నంబరుకు ఫోను చేయవచ్చు.

తుప్పు పట్టిన నట్లకు

మొదట తీగ బ్రష్‌తో స్టడ్డు చివర కనిపించే మరను శుభ్రం చేయాలి. తుప్పు వదిలించే నూనెను మర మొదట్లో పడేలా చల్లి కనీసం పావుగంట ఆగాలి. వీలైతే రాత్రంతా నాననివ్వాలి. నూనె బ్రేకు డిస్కుపై, డ్రమ్ము లోపల పడకూడదు. తరువాత సాకెట్టు తొడిగి దాని తలపై సుత్తితో నాలుగైదు దెబ్బలు వేస్తే తుప్పు పట్టు సడలుతుంది. ఒక్కసారిగా విప్పబోక ముందు కొద్దిగా బిగించే దిశలో, తరువాత విప్పే దిశలో మార్చి మార్చి కదిలించాలి. నట్టు కొంత తిరిగి మళ్లీ పట్టేస్తే వెనక్కి తిప్పి నూనె వేసి మళ్లీ ప్రయత్నించాలి.

నట్లన్నీ వచ్చినా చక్రం హబ్బుకు అంటుకుపోయి రాకపోవచ్చు. తీరప్రాంతపు కార్లలో ఇది మామూలే. నట్లను తిరిగి రెండు మూడు చుట్లు ఎక్కించి, టైరు పక్కభాగాన్ని చెక్క సుత్తితో అటూ ఇటూ కొట్టాలి. నట్లు పూర్తిగా తీసి కొడితే చక్రం మీద పడే ప్రమాదం ఉంది.

అంచులు అరిగినవి, ఉబ్బినవి

సాకెట్లు రెండు రకాలు. లోపల ఆరు మూలలు గలవి, పన్నెండు మూలలు గలవి. అరిగిన నట్టుపై పన్నెండు మూలలది జారిపోతుంది. ఆరు మూలల లోతు సాకెట్టు పలకలను పూర్తిగా పట్టుకుంటుంది. అదీ జారితే ఒక కొలత తక్కువ సాకెట్టును సుత్తితో కొట్టి దిగగొట్టి తిప్పవచ్చు. లోపల వ్యతిరేక దిశలో మెలికలు గల ప్రత్యేక సాకెట్లు కూడా ఉన్నాయి. తిప్పేకొద్దీ అవి నట్టును మరింతగా కరిచి పట్టుకుంటాయి.

ఉబ్బిన రెండు ముక్కల నట్టుకు రేకు టోపీని సన్నని ఉలితో చీల్చి తీసేయవచ్చు. లోపలి ఉక్కు నట్టు చిన్నది కనుక 18 లేదా 17 మి.మీ. సాకెట్టును సరిచూసి వేయాలి. ఇలా తీసిన నట్లను మళ్లీ వాడరాదు. ఒకే ముక్కగా తయారైన నట్లను సెట్టుగా వేయించుకోవడం మేలు. ఒక్క నట్టు ఉబ్బిందంటే మిగిలినవీ అదే దారిలో ఉన్నట్టే.

కీ లేని లాక్ నట్టు

వెతకడం, కోడ్, డీలరు పెట్టె అనే మూడు మార్గాలూ విఫలమైనప్పుడే బలప్రయోగం. మొదటిది మెలికల సాకెట్టు. రెండోది కొలత తక్కువైన సాకెట్టును దిగగొట్టడం. తిరిగే తొడుగు గల నట్లకు ఈ రెండూ పనిచేయకపోవచ్చు. తొడుగును ముందుగా తొలగించవలసి వస్తుంది. చక్రం అందాన్ని కాపాడుకోవాలంటే రంధ్రం చుట్టూ దళసరి టేపు అంటించి పని చేయాలి. ఉలితో నట్టును పక్కకు కొట్టి తిప్పే పద్ధతి అల్లాయ్ చక్రం అంచును పగలగొడుతుంది.

చివరి మార్గం వెల్డింగు. నట్టు తలపై మరో నట్టును అతికి, ఆ వేడిలోనే తిప్పుతారు. ఇది అనుభవజ్ఞుడు చేయవలసిన పని. గాలి నిండిన టైరు వేడెక్కితే పేలి ప్రాణం తీయగలదు. కనుక ముందే వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయాలి. బకెట్టు నీళ్లు దగ్గర ఉంచుకోవాలి. గ్యాస్ మంటతో చక్రాన్ని కాల్చడం ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు. అల్లాయ్ లోహం బలం కోల్పోతుంది.

స్టడ్డు విరిగితే

పాత స్టడ్డును హబ్బు నుంచి వెనక్కి దిగగొట్టి కొత్తది బిగించవచ్చు. పెద్ద ఖర్చు కాదు. కొలత తెలియకపోతే పాత స్టడ్డును, నట్టును విడిభాగాల దుకాణానికి తీసుకువెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చాలి. హబ్బులో కూర్చునే గాళ్ల వెడల్పు, మొత్తం పొడవు, మర పిచ్ మూడూ కలవాలి. లేత్ షాపులో మామూలు ఇనుముతో చేయించిన స్టడ్లు చక్రానికి తగవు. వాటికి ఆ దృఢత్వం ఉండదు.

నడిరోడ్డుపై ఒక చక్రం నట్లు పోతే మిగిలిన మూడు చక్రాల నుంచి ఒక్కొక్కటి తీసి ఆ చక్రానికి వేసుకుని, నెమ్మదిగా సమీప దుకాణం దాకా వెళ్లవచ్చు. అది ఆపద్ధర్మమే తప్ప నిత్యం నడిపే పద్ధతి కాదు.

బిగింపులో లెక్క

చిన్న, మధ్య తరహా కార్ల నట్లకు బిగింపు సాధారణంగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె యజమాని పుస్తకంలో ఉంటుంది. 100 న్యూటన్ మీటర్లు అంటే 30 సెంటీమీటర్ల పానా చివర సుమారు 34 కిలోల బరువు మోపడం. 70 కిలోల మనిషి అదే పానాపై ఎక్కి నిలబడితే బిగింపు 200 దాటుతుంది. అంటే కావలసినదానికి రెట్టింపు. అలా బిగించిన స్టడ్డు సాగిపోతుంది. తరువాత రోడ్డుపై విప్పబోతే రాదు. కొన్ని పంక్చరు షాపుల్లో పానాకు గొట్టం తొడిగి బిగిస్తుంటారు. దగ్గరుండి వారించడం యజమాని బాధ్యత.

బిగించే క్రమం కూడా ముఖ్యం. నాలుగు నట్లయితే ఎదురెదురుగా, ఐదైతే ఒకటి విడిచి ఒకటి చొప్పున నక్షత్రం గీసినట్టు బిగించాలి. మొదట అన్నింటినీ చేత్తో, తరువాత కొద్దిగా, బండి నేలకు దించాక పూర్తిగా బిగించాలి. తుప్పు పట్టదని మరకు గ్రీజు పూయడం ఇక్కడ అలవాటు. గ్రీజు వల్ల రాపిడి తగ్గి, అదే బలానికి స్టడ్డు ఎక్కువగా సాగుతుంది. పుస్తకంలో చెప్పనిదే పూయకూడదు. మరను శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు. చక్రం విప్పి బిగించిన తరువాత 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు బిగింపును మరోసారి సరిచూసుకోవాలి.

నట్టు రంధ్రం నుంచి ఎర్రటి తుప్పు చారలు బయటకు పాకడం, నెమ్మదిగా వెళ్లేటప్పుడు చక్రం వద్ద టిక్కుటిక్కుమనే చప్పుడు, కొత్తగా మొదలైన స్టీరింగు వణుకు.. ఇవి నట్లు సడలాయనడానికి గుర్తులు. వెంటనే బండి ఆపి చూడాలి.

స్టెప్నీ సంగతి మరవరాదు

నాలుగు చక్రాలూ అల్లాయ్‌వి, స్టెప్నీ మాత్రం ఇనుప డిస్కు. చాలా కార్లలో ఇదే పరిస్థితి. అల్లాయ్‌కి వేసిన నట్లు ఇనుప డిస్కుకు సరిపోతాయన్న భరోసా లేదు. పొడవైన బోల్టులు పలుచని డిస్కు గుండా దూసుకుపోయి బ్రేకు భాగాలకు తగలవచ్చు. గొట్టం గల నట్లు డిస్కును నొక్కకుండానే ఆగిపోవచ్చు. ఇంటి వద్దే ఒకసారి స్టెప్నీ బిగించి, చేత్తో చక్రం తిప్పి చూసుకోవాలి. సరిపోకపోతే పాత ఇనుప డిస్కు నట్లను ఒక సంచిలో వేసి స్టెప్నీతోనే ఉంచుకోవాలి.

కొనే ముందు చూడవలసినవి

* రిజిస్ట్రేషన్ పత్రం, బీమా, 29, 30 నంబరు ఫారాలతో పాటు లాక్ నట్టు కీ, కోడ్ చీటీ అడిగి తీసుకోవాలి. ఇతర రాష్ట్రపు బండి అయితే 28వ నంబరు ఫారం, అంటే నిరభ్యంతర పత్రం, ఉండాలి.
* నాలుగు చక్రాల నట్లనూ లెక్కించాలి. రంగు, పొడవు, ఆకారం వేరుగా ఉన్నవాటిని గుర్తుపెట్టుకోవాలి.
* బండిలో ఉన్న పానా ప్రతి నట్టుకూ పడుతుందో లేదో పెట్టి చూడాలి.
* అమ్మేవారి ఎదుటే ప్రతి చక్రంలో ఒక నట్టు, లాక్ నట్టు ఉంటే అది, విప్పి బిగించి చూపమనాలి. నిరాకరిస్తే కారణం అడగాలి.
* నట్లు ఒక్కొక్కటీ ఒక్కో రకమైతే పూర్తి సెట్టు మార్చే ఖర్చును బేరంలో తగ్గించుకోవాలి.
* కొన్న వారంలోపు నాలుగు చక్రాలూ ఒకసారి విప్పించి, మరలు శుభ్రం చేయించి, సరైన బలంతో బిగింపించుకోవాలి.
* కీని ఎర్ర గుడ్డలో చుట్టి జాకీ పక్కన ఉంచాలి. కోడ్ నంబరును ఇంట్లో వేరుగా రాసి పెట్టుకోవాలి. సర్వీసుకు ఇచ్చి తెచ్చుకున్న ప్రతిసారీ కీ తిరిగి వచ్చిందో లేదో చూసుకోవాలి.

అరగంట పని ఇది. పగటిపూట ఇంటి ముంగిట చేసుకుంటే రాత్రిపూట రోడ్డు పక్కన నిస్సహాయంగా నిలబడవలసిన అవసరం రాదు.